ఆరులో సగం ఎందుకు

పిల్లలు అతనికి పెట్టుకున్న పేరు టకటక సార్. బోర్డు మీద లెక్క రాయడం ఆలస్యం, మిగతా మాస్టార్లు ఇంకా కళ్ళజోడు సర్దుకుంటూ ఉండగానే ఇతను జవాబు రాసి కింద రెండు గీతలు గీసేసేవాడు. ఏ లెక్కకైనా అతని దగ్గర ఒక అడ్డదారి ఉండేది. ఆ అడ్డదారికో పాట ఉండేది. "సగం చెయ్, వర్గం చెయ్, రెండు పక్కలా వేసెయ్!" అని అతను అందుకుంటే క్లాసు క్లాసంతా గొంతు కలిపేది. పరీక్షలు దగ్గర పడ్డాయంటే అతని గదిలో చోటు దొరక్క కొందరు కిటికీ అరుగుల మీదే కూర్చుని రాసుకునేవారు. కోచింగ్ సెంటర్ మెట్ల దగ్గర వేలాడే పోస్టర్లో అందరికంటే పెద్ద మొహం అతనిదే.

అలాంటి మనిషి సొంత అక్కకి ఒక్క లెక్క చెప్పలేక తల పట్టుకుని కూర్చున్నాడు.

అక్క పెద్దాసుపత్రిలో పనిచేసేది. ఆపరేషన్‌కి వాడిన కత్తెరలు, పట్టుకార్లు, గిన్నెలు వచ్చి పడితే వాటిని కడిగి, ఆరబెట్టి, గుడ్డల్లో మూటకట్టి ఆవిరి యంత్రంలోకి పంపే గది ఆమెది. ఆ గదిలో చేరిననాడు ఆమె జడ నల్లగా ఉండేది, ఇప్పుడు సగానికి సగం నెరిసింది. ఏ ఆపరేషన్ ట్రేలో ఏముండాలో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. అది బట్టీ పట్టి నేర్చుకున్నది కాదు. ఈ వంకర కత్తెర ఎందుకు, ఈ పొడుగు పట్టుకారు దేన్ని పట్టుకోవడానికి అని నర్సుల్ని విసిగించి మరీ తెలుసుకున్నది. ఎందుకో తెలియకుండా ఒక్క వస్తువు కూడా మూటలో పెట్టదని ఆమెకి అక్కడ పేరు. అది మెచ్చుకోలో, ఎగతాళో చెప్పడం కష్టం.

అయితే ఆ గదికి ఇన్‌ఛార్జి కావాలంటే పదో తరగతి పాసై ఉండాలని రూలు. పాత ఇన్‌ఛార్జి రిటైరయ్యాక ఆ కుర్చీలోకి నిన్నగాక మొన్న చేరిన ఒకమ్మాయి వచ్చింది. ఆ అమ్మాయికి మూట కట్టడం నేర్పిందే అక్క. అమ్మాయి మంచిదే. "ఆంటీ, మీరు కూర్చోండి" అని కుర్చీ కూడా జరుపుతుంది. కానీ సెలవు చీటీ మీద ఆ పిల్ల సంతకం కోసం చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చిన రోజున అక్క ఇంటికి పోకుండా నేరుగా తమ్ముడి గుమ్మం తొక్కింది.

"ఒరేయ్, నేను పది రాస్తాను," అంది, చెప్పులైనా విప్పకుండా.

"రాయక్కా, దానికేం!"

"మిగతావి నేను చూసుకుంటా. లెక్కలే. అప్పుడు పదిలో తప్పించింది కూడా ఆ లెక్కలే కదా."

"లెక్కలకి నేనున్నానుగా. ఊళ్ళో పిల్లలందర్నీ గట్టెక్కిస్తున్నవాణ్ణి, నిన్ను ఎక్కించలేనా?" అని నవ్వాడు. ఆ మాట అంత తేలిగ్గా అన్నందుకు తర్వాత చాలాసార్లు నాలుక కరుచుకున్నాడు.

రోజూ సాయంత్రం ఆమె డ్యూటీ దిగి వచ్చేది. బావ లారీ మీద ఊళ్ళు తిరిగే మనిషి, ఇంట్లో ఉండేది తక్కువ. కాబట్టి ఆమెకి తొందర లేదు. తొందరంతా తమ్ముడిదే. మొదట్లో అంతా సాఫీగానే సాగింది. మూడు ముక్కలున్న దాన్ని త్రిపది అంటారంటే ఆమెకి ముచ్చటేసింది. ఎక్స్ స్క్వేర్, ప్లస్ ఆరు ఎక్స్, ప్లస్ అయిదు. కలిపితే ఆరు రావాలి, గుణిస్తే అయిదు రావాలి, ఏవా రెండు అంకెలు? "అయిదూ, ఒకటీ!" అనేది చిన్నపిల్లలా. అది ఆమెకి పొడుపుకథలు విప్పినట్టుండేది. పుస్తకంలో ఉన్నవన్నీ అయిపోతే తనే కొత్తవి కల్పించుకుని విప్పుకునేది.

అప్పుడతను చివరి అయిదుని కొట్టేసి నాలుగు వేశాడు. x² + 6x + 4 = 0.

ఆమె వేళ్ళు మడిచింది. "ఒకటీ నాలుగూ... కలిపితే అయిదే. రెండూ రెండూ... నాలుగు. కుదరట్లేదురా."

"కుదరదు. అందుకే ఇప్పుడు వర్గాన్ని పూర్తి చెయ్యాలి. చూడు, చాలా ఈజీ. నాలుగుని అవతలికి పంపెయ్. ఆరులో సగం మూడు. మూడు స్క్వేర్ తొమ్మిది. రెండు పక్కలా తొమ్మిది కలుపు. ఎక్స్ ప్లస్ మూడు, హోల్ స్క్వేర్, ఈక్వల్ టు అయిదు. అయిపోయింది."

ఎప్పటిలాగే కింద రెండు గీతలు గీసి పెన్ను పక్కన పెట్టాడు. ఆమె ఆ గీతల వంక చూసి, లెక్క వంక చూసి, మళ్ళీ తమ్ముడి వంక చూసింది.

"ఆరులో సగం ఎందుకు?"

"అదంతే అక్కా. రూలు."

"మూడో వంతు ఎందుకు తియ్యకూడదు?"

"తియ్యకూడదు."

"అదే, ఎందుకని?"

తర్వాతి వారమంతా ఆ ఇంట్లో ఆ మాటే మోగింది. అతను ఒక దారిలో కాకపోతే ఇంకో దారిలో వచ్చాడు. ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్ రాశాడు. అందులో రెండు ఎ బి వస్తుంది కదా, ఆ రెండు ఉంది కాబట్టే సగం అన్నాడు. ఆ రెండు ఎక్కణ్ణుంచి ఊడిపడిందని ఆమె అడిగింది. గుణించి చూపించాడు. బోర్డు కూడా కొనుక్కొచ్చి హాల్లో గోడకి తగిలించాడు.

"గుణిస్తే వస్తోంది, సరే," అంది ఆమె నుదురు రుద్దుకుంటూ. "నువ్వు చేసి చూపిస్తే కాదని ఎలా అంటాను? కానీ నాకు కనబడట్లేదురా. ఆ తొమ్మిది ఎవరో గోడ దూకి వచ్చినట్టుంది."

"కనబడక్కర్లేదక్కా! చేసుకుంటూ పోవడమే. నా దగ్గర చదివినవాళ్ళలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు ఈ ప్రశ్న అడగలేదు."

"అడిగితే నువ్వు చెప్పవని తెలిసుంటుంది."

వంటింట్లోంచి అతని భార్య కిసుక్కున నవ్వింది. అతనికి ఒళ్ళు మండిపోయింది. ఎక్కడో వందల మంది ముందు గొంతెత్తితే చప్పట్లు పడే మనిషి, సొంతింట్లో తువ్వాలు ఆరేసిన కుర్చీ పక్కన నిలబడి ఒకే లెక్క పదోసారి చెరుపుతున్నాడు. సుద్దపొడి ముక్కులోకి పోయి తుమ్ములొస్తున్నాయి. క్లాసుల అలసట ఒక పక్క. పరీక్షలో ఇదొక్కటే కాదు, ఇంకా బోలెడు పాఠాలు మిగిలి ఉన్నాయి. ఈమె ఇక్కణ్ణుంచి కదిలితేగా!

"వదినా, పోనీ ఈ పాఠం వదిలేసి ముందుకెళ్ళండి," అంది భార్య టీ గ్లాసులు తెచ్చి పెడుతూ.

"మూటలో ఏముందో తెలియకుండా ముడి ఎలా వెయ్యను?" అంది అక్క.

అక్కడ అతనికి నోరు జారింది.

"నీ బుర్రకి ఇది ఎక్కదక్కా. ఒప్పేసుకో. అప్పుడూ ఇక్కడే వదిలేశావు. ఇప్పుడూ వదిలెయ్. నీకూ నాకూ ప్రాణం సుఖపడుతుంది."

 అక్క టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. పుస్తకం మూసింది. పెన్ను మూత కోసం వెతికి, దొరక్కపోతే మూత లేకుండానే సంచిలో పడేసుకుంది.

"వదిలేశానా?" అంది. గొంతు పెంచలేదు. "లెక్కలు మళ్ళీ రాద్దామనే ఫీజు కట్టాను. అమ్మ మంచాన పడింది. నువ్వప్పటికి సొంతంగా అన్నం కలుపుకోవడం కూడా రాని పిల్లాడివి. వదిలేశానా నేను?"

 ఆమె చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. భార్య అతని వైపు ఒక్క చూపు చూసి, ఆమె తాగని టీ తీసుకెళ్ళి సింకులో పోసింది. ఆ రాత్రి ఆ ఇంట్లో అన్నం వడ్డించే గరిట చప్పుడు కూడా గట్టిగానే వినిపించింది.

మర్నాడు ఆమె రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఫోన్ చేస్తే "డ్యూటీలో ఉన్నా" అని పెట్టేసేది. అతను క్లాసులో ఎప్పటిలాగే "సగం చెయ్, వర్గం చెయ్" అని మొదలుపెట్టాడు. పిల్లలంతా అందుకున్నారు. ఆ గోలలో అతనికి ఉన్నట్టుండి చిరాకేసింది. వీళ్ళలో ఒక్కడికైనా ఆ సగం ఎందుకో తెలుసా? అడిగి చూస్తే తెలిసిపోతుంది. కానీ అడగడానికి ధైర్యం చాల్లేదు. ఎవడైనా లేచి "మీరే చెప్పండి సార్" అంటే మళ్ళీ ఎ ప్లస్ బి దగ్గరికే పోవాలి. తనకి జవాబు రాకపోవడం కాదు, వచ్చిన జవాబు అక్క మొహంలో దీపం వెలిగించలేకపోవడం అతన్ని తినేస్తోంది. అక్క మీద కోపం, తన మీద కోపం, ఆ పనికిమాలిన తొమ్మిది మీద కోపం. అన్నీ కలగలిసి సుద్దముక్క పుటుక్కున విరిగింది.

ఇంటికొచ్చి బోర్డు ముందు కూర్చున్నాడు. ఎక్స్ స్క్వేర్. స్క్వేర్ అంటే చదరం. చిన్నప్పటి నుంచీ ఆ మాట వేలసార్లు అని ఉంటాడు, చదరాన్ని మాత్రం ఒక్కసారీ తల్చుకోలేదు. నాలుగు గీతలు గీశాడు. ఈ పక్క ఎక్స్, ఆ పక్క ఎక్స్. మరి ఆరు ఎక్స్ అంటే? ఒక పక్క ఎక్స్, ఇంకో పక్క ఆరు. పట్టీ. ఆ పట్టీని చదరానికి ఆనించి గీశాడు. పొడుగాటి పెట్టె వచ్చింది. అక్కడే ఆగిపోయాడు. ఏదో ఉందని తెలుస్తోంది గానీ చేతికి చిక్కట్లేదు. విసుగొచ్చి గుడ్డతో చెరిపేసి పడుకున్నాడు.

ఆదివారం పొద్దున మళ్ళీ గీస్తుంటే అది చిక్కింది. మధ్యాహ్నం, గోడ మీది పాత క్యాలెండర్ పీకి, కత్తెర, స్కేలు పట్టుకుని బయల్దేరాడు. "ఎక్కడికి?" అంది భార్య. "తిట్లు తినడానికి," అన్నాడు. "కడుపునిండా తినిరండి," అంది ఆమె.

అక్క ఉండేది మూడో అంతస్తులో, బాల్కనీ నిండా బట్టలు ఆరేసిన రెండు గదుల ఇల్లు. తలుపు తీసి, అతన్నీ, చంకలో క్యాలెండర్‌నీ చూసి పక్కకి జరిగింది.

"టీ పెట్టనా?"

"వద్దు. అక్కా, ఆ రోజు నేనన్నది..."

"తెలుసులే. కూర్చో."

"అలా అనకుండా ఉండాల్సింది."

"అనకుండా ఉండాల్సిందే," అంది. అంతకుమించి క్షమించేసినట్టు ఏమీ అనలేదు. అతను గచ్చు మీద చతికిలబడి క్యాలెండర్ కాగితం పరిచాడు. ఆమె మంచం అంచున కూర్చుని, పట్టనట్టు ఉతికిన బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది.

అతను ఒక చదరం కత్తిరించాడు. "ఇది ఎక్స్ స్క్వేర్. ఎక్స్ ఎంతని అడక్కు, ఎంతైనా కావచ్చు." మిగిలిన కాగితంలోంచి ఆరు సెంటీమీటర్ల వెడల్పున ఒక పట్టీ కత్తిరించి పక్కన పెట్టాడు. "ఇది ఆరు ఎక్స్."

ఆమె ఓరకంట చూసింది. "ఆ పట్టీ చదరం కొసదాకా రావట్లేదేం?"

నిజమే. పొడుగు చాల్లేదు. ఎక్స్ అంత ఉండాల్సిన పట్టీ ఎక్స్‌కి చాలా ముందే ఆగిపోయింది. "ఛ!" అని దాన్ని ఉండచుట్టి విసిరాడు. ఇంకో నెల కాగితం చింపి మళ్ళీ కత్తిరిస్తే ఈసారి వంకరగా వచ్చింది. కత్తెర మొద్దుబారింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమె బట్టలు పక్కన పెట్టి కిందికి దిగి అతని చేతిలోంచి కత్తెర లాక్కుంది.

"మాస్టారివే, ఓ కాగితం కత్తిరించడం రాదు," అంటూ తిన్నగా కత్తిరించి చదరం పక్కన ఆనించింది. "ఊఁ, ఇప్పుడు?"

"ఇప్పుడు ఈ రెంటినీ కలిపి ఒక పెద్ద చదరం చెయ్యి. అదే లెక్క. అదొక్కటే లెక్క."

"ఇది చదరం ఎలా అవుతుంది? ఒక పక్కే పెరిగింది. పొడుగాటి బల్లలా ఉంది."

"అవును."

"పట్టీని కొయ్యొచ్చా?"

అతని నోటిదాకా వచ్చింది, 'సగానికి కొయ్' అని. పంటి బిగువున ఆపుకున్నాడు. "నీ ఇష్టం," అన్నాడు. జీవితంలో అంత కష్టపడి నోరు మూసుకున్నది అదే మొదటిసారి.

ఆమె పట్టీని నిలువునా కోసింది. సన్నది ఒకటి, లావుది ఒకటి. సన్నదాన్ని కుడి పక్కన పెట్టి, లావుదాన్ని పైన పడుకోబెట్టింది. తల అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇటు తక్కువ పెరిగింది, అటు ఎక్కువ పెరిగింది. ఊహుఁ." ముక్కలు తీసేసి, అలాంటిదే ఇంకో పట్టీ కోసి దాని మీద గీత కొట్టబోయింది. ఈసారి పెన్సిల్ ఆరు సెంటీమీటర్ల మధ్యలో ఆగింది. అక్కడే కాసేపు ఆగింది.  తర్వాత కత్తిరించి, ఒకటి కుడి పక్కన, ఒకటి పైన పెట్టింది. రెండూ ఒకేలా.

రెండు పట్టీలూ కలవాల్సిన పై మూలలో కాగితం లేదు. కింది గచ్చు కనిపిస్తోంది.

ఆమె ఆ మూల మీద వేలు పెట్టింది. "ఇక్కడ బొక్క ఉంది."

"ఎంత?"

"ఇటు మూడు. అటు మూడు." వేలు అక్కడే ఉంది. "తొమ్మిది."

అతను ఆమె మొహం వంక చూస్తున్నాడు. ఇప్పుడు నవ్వుతుందనుకున్నాడు. ఆమె నవ్వలేదు.

"తొమ్మిది ఉంటే చదరం నిండుతుంది. మన దగ్గర నాలుగే ఉంది. అయిదు తక్కువ. అందుకా అవతల అయిదు?" అంది.

"అందుకే."

"ఇంతేనా?"

"ఇంతే అక్కా."

ఆమె కత్తెర విసిరికొట్టింది. అది జారుకుంటూ మంచం కిందికి పోయింది.

"ఇంతేనా? ఒక మూల ఖాళీ ఉంది, దాన్ని పూడ్చడం. ఇంతేనా? దీనికా నేను ఫెయిలయ్యింది? దీనికా నన్ను మొద్దు అని వెనక బెంచీలో కూర్చోబెట్టింది? ఒక్కళ్ళు, ఒక్కళ్ళు ఒక కాగితం కోసి చూపించి ఉంటే..."  కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. "నువ్వూ అంతే. పదేళ్ళ నుంచీ ఊరందరి చేతా గొంతులు చించుకునేలా పాడిస్తున్నావు. నీకే తెలీదు ఇది!"

"తెలీదు," అన్నాడు.

అతను లేచి వెళ్ళి టీ పెట్టాడు. చక్కెర డబ్బా ఎక్కడుందో దొరకలేదు. అడిగితే ఆమె గది లోంచి "వెతుక్కో!" అని అరిచింది. చక్కెర లేని టీ ఇద్దరూ మొహాలు వికారంగా పెట్టుకుని తాగారు.

ఆ వారమే అతను రంగు కాగితాలు పట్టుకుని క్లాసుకెళ్ళాడు. ముందు వరసలో కొందరు కళ్ళు పెద్దవి చేసి చూశారు. ఒకమ్మాయి "ఓ!" అని పైకే అనేసింది. వెనక వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. "సార్, పరీక్షలో బొమ్మ వేస్తే మార్కులిస్తారా?" అని ఒకడడిగాడు. ఇవ్వరని చెప్పాల్సి వచ్చింది. "మరి మాకెందుకు సార్?" అన్నాడు వాడు, వినయంగానే. పీరియడ్ అయ్యాక కోచింగ్ సెంటర్ డైరెక్టర్ కబురుపెట్టాడు.

"మాస్టారూ, తల్లిదండ్రులు ఫోన్ చేస్తున్నారు. గంటంతా కత్తెర పని చేయించారటగా?"

"అర్థం కావాలని సార్."

"అర్థం చేసుకోడానికి స్కూలుంది. ఇక్కడికి స్పీడు కోసం వస్తారు. మీ పేరే టకటక కదా. ఆ పేరు చెడగొట్టుకోకండి."

స్కూల్లోనూ ఎవరూ చెప్పరు సార్ అని అనబోయాడు. డైరెక్టర్ అప్పటికే ఇంకో ఫోన్ ఎత్తుకున్నాడు. మర్నాటి నుంచి కాగితాలు సంచిలోనే ఉండిపోయాయి. పాట మళ్ళీ మొదలైంది. పాడుతున్నంతసేపూ అతనికి నోట్లో ఇసుక పోసుకున్నట్టుండేది.

అక్క మాత్రం ఆగలేదు. త్రిపది కనిపిస్తే చాలు, మూల ఎంత ఖాళీ అని చూసుకునేది. ఎనిమిది ఎక్స్‌కి పదహారు, పది ఎక్స్‌కి పాతిక. కాగితాలు మానేసి గీతలకి దిగింది. ఒక్కో లెక్కకి ఒక్కో బొమ్మ. అతను గడియారం చూసుకుంటూ "అక్కా, బొమ్మ లేకుండా ఒక్కటి చెయ్" అని బతిమాలేవాడు. "నాకు బొమ్మ ఉంటేనే ధైర్యం," అనేది. రేఖాగణితం సగంలోనే ఉండగా పరీక్ష వచ్చి పడింది.

పరీక్ష రోజు అతను క్లాసు మానుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. కుర్రకారంతా ప్రశ్నపత్రాలు ఊపుకుంటూ బయటికొచ్చారు. ఆమె అందరికంటే ఆఖరున వచ్చింది. మొహం కందగడ్డలా ఉంది.

"ఎలా రాశావక్కా?"

"మైనస్ గురించి ఎందుకు చెప్పలేదురా నాకు?"

ప్రశ్నపత్రం అతని చేతిలో కుక్కింది. x² − 8x + 7 = 0, వర్గాన్ని పూర్తి చేసి సాధించండి.

"అయ్యో, అదే కదక్కా, మైనస్ నాలుగు రాసుకుని..."

"పట్టీ అతికించడం నేర్పావు. ఇది తీసెయ్యమంటోంది. లేని పట్టీని ఎక్కడ అతికించను? చెమటలు పట్టేశాయి నాకు. చివరికి చిత్తు కాగితాన్ని చదరంగా చింపి మడిచాను. కుడి పక్కనుంచి నాలుగు లోపలికి మడిచా. పైనుంచి నాలుగు లోపలికి మడిచా. అప్పుడు మూల చూస్తే అక్కడ రెండుసార్లు మడత పడింది."

అతను గేటు పక్కనే నిలబడిపోయాడు. "రెండుసార్లు?"

"అవున్రా. ఆ మూలని రెండుసార్లు తీసేసినట్టేగా? ఒకసారి తిరిగి ఇచ్చెయ్యాలి. నాలుగు నాలుగులు పదహారు. అందుకే ఇక్కడ కూడా కలపాలే తప్ప తియ్యకూడదు. ఏడూ ఒకటీ వచ్చింది జవాబు. కరెక్టేనా?"

"కరెక్టే," అన్నాడు. తీసేస్తున్న లెక్కలో కలపడం ఎందుకో ఎవరైనా అడిగితే తను ఏం చెప్పేవాడో అతనికి తెలుసు. రూలు అనేవాడు. "మరి మిగతావి?"

ఆమె చూపు తిప్పుకుంది. "బెల్లు కొట్టేశారు. వెనక పేజీ అసలు ముట్టుకోలేదు."

ఫలితాలొచ్చాయి. మిగతా అన్నిటిలోనూ పాసైంది. లెక్కల్లో అంచుదాకా వచ్చి ఆగిపోయింది. నాలుగు చిన్న ప్రశ్నలు రాసి ఉంటే గట్టెక్కేది. అతను కంప్యూటర్ ముందు బల్ల మీద గుద్దాడు.

"ఆ ఒక్క లెక్క పక్కన పెట్టి ముందుకెళ్ళుంటే చాలు కదక్కా! అంతసేపు మడుస్తూ కూర్చుంటే ఎట్లా?"

"అంటే, అది తెలుసుకోకుండా పాసవ్వాల్సిందంటావు."

"అంటాను! పరీక్ష పరీక్షే. తెలుసుకోడానికి ఆ తర్వాత బోలెడు టైముంది."

 పది పాసవుతానని అక్క ఆసుపత్రిలో అందరికీ చెప్పుకుంది పాపం. ఆ ఇన్‌ఛార్జి అమ్మాయి పెన్నుల పెట్టె కూడా కానుకగా ఇచ్చింది. రేపు ఆ అమ్మాయి మొహం ఎలా చూడాలి? పక్కనే నిలబడ్డ మరదలు భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి తోసెయ్యలేదు గానీ, ఆమె కళ్ళు తమ్ముడి మీదే ఉన్నాయి.

"సరే," అంది చివరికి. "ఇప్పుడు నీ టకటక చెప్పు."

"ఏంటి?"

"ఆ సగం చెయ్, వర్గం చెయ్. ఇప్పుడు నాకు లోపలేముందో తెలుసు. ఇక మూట కట్టెయ్యొచ్చు. చెప్పు, ఎంత తొందరగా కట్టాలో."

సప్లిమెంటరీ పరీక్షకి వ్యవధి తక్కువ. ఈసారి ఆమె బొమ్మలు గీయలేదు. ఎప్పుడైనా అనుమానం వస్తే కళ్ళు మూసుకుని ఒక క్షణం ఆగేది, మళ్ళీ పెన్ను పరిగెత్తేది. రేఖాగణితం, సంభావ్యత, అన్నీ నూరిపోశాడు. అరుచుకున్నారు కూడా. ఒకసారి ఆమె పుస్తకం విసిరేస్తే అది వెళ్ళి మరదలు తొక్కు తీస్తున్న ఉల్లిపాయల్లో పడింది. అయినా ఏ రోజూ రాకుండా మానలేదు.

పాసైంది. గొప్ప మార్కులేం కావు, కానీ పాసే. సర్టిఫికెట్ పట్టుకుని ఆసుపత్రి ఆఫీసుకెళితే, దరఖాస్తు పెట్టుకోమన్నారు, ఖాళీ వచ్చినప్పుడు చూద్దామన్నారు. ఖాళీ ఎప్పుడొస్తుందంటే, ఉన్నమ్మాయికి బదిలీ అయినప్పుడు. ఆ అమ్మాయి నిన్ననేగా చేరింది! అక్క తిట్టుకుంటూ ఆ సాయంత్రం తమ్ముడింటికి వచ్చింది. మిఠాయి డబ్బా బల్ల మీద ధన్‌మని పెట్టింది.

"కంగ్రాచులేషన్స్ వదినా!" అంది మరదలు.

"ఏం కంగ్రాచులేషన్స్ లే. రేపు మళ్ళీ ఆ పిల్ల సంతకమే." కుర్చీలో కూలబడి కాళ్ళు చాపుకుంది. కాసేపటికి, "ఒరేయ్," అంది.

"ఊఁ?"

"పరీక్షలో రెండు ఎక్స్ స్క్వేర్ ఒకటి వచ్చింది. నువ్వు చెప్పినట్టే అంతటినీ రెండుతో భాగించి రాసి పారేశా. మార్కులూ వేసుంటారు. కానీ రెండు చదరాలు పక్కపక్కన పెడితే అది చదరం కాదు కదా? అందులో ఒకదాన్ని ఎక్కడికి పంపించాం మనం?"

"పాసయ్యావు కదక్కా! ఇంకా ఎందుకు?"

"పాసైతే అయ్యాను. ఎక్కడికి పంపించాం?"

 కుడి పక్క సున్నా ఉంది కాబట్టి భాగించొచ్చు. అది అతనికి తెలుసు. కానీ ఆ మాట ఈమె దగ్గర చెల్లదు. విసుగ్గా తల గోక్కుంటూ లేచి, కాగితం కోసం గదంతా కలయజూశాడు.

"ముందు తినండి ఇద్దరూ," అంది భార్య. "కొత్త క్యాలెండర్ మీద మాత్రం చెయ్యి వేశారంటే ఊరుకోను."